డ్రిల్లు కడుపులో అయిదు తీగలు

మా బావమరిది అమెరికా నుంచి వస్తూ నాకో కార్డ్‌లెస్ డ్రిల్లు తెచ్చాడు. మిషను సూట్‌కేసులో, బ్యాటరీ చేతిసంచిలో. పెట్టె మీద 20 వోల్టులని ఉంది. "ఇక్కడ దొరికేవి 18వే కదా బావా" అన్నాడు, ఆ రెండు వోల్టులూ తన జేబులోంచి వేసినట్టు. మీకు చెబుతాను గానీ, రెండూ ఒకటే. లోపల అయిదు సెల్లులు వరసగా ఉంటాయి. ఒక్కోటి మామూలుగా 3.6 చొప్పున 18. నిండా ఛార్జయితే ఒక్కోటి 4.2, మొత్తం 21, అంటే దాదాపు 20. ఎవరికి నచ్చిన లెక్క వాళ్లు పెట్టె మీద వేస్తారు. ఈ ముక్క బావమరిదికి ఇంతవరకూ చెప్పలేదు. ఛార్జరు మాత్రం అక్కడి 120 వోల్టులదే. దానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ నేనే కొనుక్కున్నాను.

రెండేళ్లు బాగానే నడిచింది. మొన్న కర్టెన్ రాడ్డు కోసం గోడ తొలుస్తుంటే గురగురమని వణికి ఆగిపోయింది. మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే ఒక కుదుపు, అంతే. రిపేరు షాపులో "బోర్డు పోయింది సార్, ఇది ఇక్కడ దొరకదు" అన్నారు. కనీసం మూత కూడా విప్పలేదండీ!

ఇంటికొచ్చి నేనే విప్పాను. బోర్డు నిండా వార్నిష్ లాంటి పూత. మల్టీమీటరు ముల్లు దిగదు. కుట్టు సూదిని ముల్లుకు కట్టి గుచ్చితే గానీ రీడింగు రాలేదు. పెద్ద చిప్పు మీద పేరు గీకేసి ఉంది. ఉన్నా నాకు ఒరిగేదేమీ లేదు. తెలియని బోర్డు చేతికొస్తే నేను చిప్పుల జోలికి పోను, లావు తీగల వెంట పోతాను. బ్యాటరీ నుంచి బయల్దేరి చూస్తే ఆరు మాస్‌ఫెట్లు, అంటే స్విచ్చులు, జంటకొకటి చొప్పున మోటారుకు మూడు లావు తీగలు. మూడు జంటల కాళ్లూ కలిసేచోట చిన్న షంట్ రెసిస్టరు. మోటారు ఎంత కరెంటు తాగుతోందో చిప్పుకు చెప్పేది అదే. ఆరింటినీ మీటరుతో చూశాను. ఒక్కటీ షార్టవలేదు.

మిగిలినవి మోటారు వెనకనుంచి వచ్చే అయిదు సన్న తీగలు. ఇది బ్రష్షుల్లేని మోటారు కదా, అయస్కాంతం ఎటు తిరిగి ఉందో చిప్పుకు ఎవరో ఒకరు చెప్పాలి. ఆ పని మూడు హాల్ సెన్సర్లది. రెండు తీగలు వాటికి కరెంటు, మూడు కబుర్లు. బ్యాటరీ పక్కన పెట్టి, ఆ కరెంటు తీగల్లో బయటినుంచి 5 వోల్టులిచ్చాను. చక్ తిప్పితే లాభం లేదు, లాక్ పడుతుంది. మోటారు ఫ్యానునే వేలితో ఇంచించు తిప్పుతూ, ఏ తీగలో 5 ఉంటే దానికి 1, లేకపోతే 0 అని క్యాలెండరు వెనక రాసుకుంటూ పోయాను.

మూడు అంకెలకు ఎనిమిది కూర్పులు. మంచి మోటారులో ఆరే రావాలి. మూడూ 0, మూడూ 1 ఎప్పుడూ రాకూడదు. నా క్యాలెండరు మీద 111 వచ్చి కూర్చుంది! అలాంటి అబద్ధం వినగానే చిప్పు మోటారును ఆపేస్తోంది. ఒక తీగలో ఎంత తిప్పినా 1 మారడం లేదు. ఈ సెన్సరు చేసేదల్లా వోల్టేజీని కిందికి లాగడం. పైకి పట్టుకుని ఉండేది బోర్డు మీది రెసిస్టరు. దారిలో తీగ తెగితే లాగేవాడు ఉండడు, బోర్డుకు ఎప్పుడూ 1 కనిపిస్తుంది. చూస్తే పైపూత కింద, టంకం దగ్గరే తీగ తెగి ఉంది.

టంకం వేశాక ఆరు కూర్పులూ వరసగా వచ్చాయి. ఫ్యాను ఒక చుట్టు తిరిగేసరికి రెండుసార్లు వచ్చాయి. అంటే రోటరులో ధ్రువాలు నాలుగన్నమాట. ఇది తెలిసినందుకు కర్టెన్ రాడ్డుకు వచ్చేదేమీ లేదు గానీ, నాకు మాత్రం ఆ పూట అన్నం బాగా సయించింది.

మీరూ విప్పదలిస్తే ఒక్క మాట. ముందు బ్యాటరీ తీయండి, తీశాక ట్రిగ్గర్ ఓసారి నొక్కి వదలండి, ఆపైన మీటరుతో ఒకసారి చూసుకోండి. బోర్డు మీది లావు కెపాసిటర్లో కాస్త ఛార్జి మిగిలి ఉంటుంది.