ముదురాకా, లేతాకా?

మా ఊరు హోసూరు పక్కన. అవ్వకు ఇంతకుముందు అర ఎకరా తోట ఉండేది. ఆకుకూరలు పెంచి సంతకు తీసుకుపోయేది. ఇప్పుడు అక్కడ ఇళ్ళ ప్లాట్ల రాళ్ళు నాటారు. మాకు మిగిలింది మిద్దె ఒక్కటే. అందుకే ఈ ఏడు సైన్సు ప్రదర్శనకు మన్ను లేకుండా పాలకూర పెంచుతానని పేరిచ్చాను. అవ్వ నవ్వి, "మన్ను లేకపోతే మొక్క ఏం తింటుందిరా?" అనింది.

పండ్ల అంగడిలో అడిగి తెచ్చిన థర్మోకోల్ పెట్టెలో బోరు నీళ్ళు పోశాను. మొక్కల పోషకాలు ఏ, బీ అని రెండు సీసాల్లో వస్తాయి. ఆ రెండు మందులనూ నేరుగా కలపకూడదు. కలిపితే ఏ లోని కాల్షియం, బీ లోని సల్ఫేటు, ఫాస్ఫేటు చేరి తెల్లటి మడ్డిలా అడుగుకు దిగిపోతాయి. అందుకని ఒకటి నీళ్ళలో బాగా కలిపాకే రెండోది పోశాను. మూతకు రంధ్రాలు చేసి, కొబ్బరి పొట్టు నింపిన కప్పుల్లో నారు పెట్టాను.

మూడో వారంలో ఆకులు పసుపు తిరిగాయి. ఆకలేమో అనుకొని ఇంకాస్త మందు పోశాను. పసుపు పోలేదు, పైగా ఆకుల అంచులు మాడినాయి. ప్రదర్శనకు పన్నెండు రోజులే ఉంది. ఏడుపొచ్చింది. పెట్టె పారేద్దామనుకున్నాను.

అవ్వ మోకాళ్ళు పట్టుకొని మెట్లెక్కి వచ్చింది. "పసుపు తిరిగింది ముదురాకా, లేతాకా?" అని అడిగింది. నేను అది చూడనేలేదు. చూస్తే లేతాకులే. ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి.

మరునాడు మా సైన్సు అయ్యవారికి అదే చెప్పాను. "నత్రజని చాలకపోతే మొక్క ముదురాకులో ఉన్నది తీసి లేతాకుకు పంపుతుంది. అప్పుడు ముదురాకే ముందు పాలిపోతుంది. ఇనుమును అలా పంపలేదు. ఇది ఇనుము లోపం" అన్నారు. "మందులో ఇనుము ఉంది కదా సార్?" అన్నాను. ఆయన పీహెచ్ కాగితం ఇచ్చారు. నీళ్ళలో ముంచితే 8 చూపింది. పాలకూరకు 5.5 నుంచి 6.5 లోపల ఉండాలట. మా బోరు నీళ్ళు సున్నపు నీళ్ళు. అలాంటి నీళ్ళలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. నేను పెట్టింది మొక్కకు అందలేదు. ఇంకా పోసేసరికి లవణాలు ఎక్కువై అంచులు మాడినాయి.

పెట్టె కడిగి, మిద్దె మీద డ్రమ్ములో పట్టిన వాన నీళ్ళు పోశాను. మందు సీసా మీద రాసిన కొలత ప్రకారమే వేశాను. పీహెచ్ 6 చూపింది. వారం దాటాక వచ్చిన కొత్తాకులు ఆకుపచ్చగా ఉన్నాయి. మాడిన ఆకులు మాత్రం మళ్ళీ బాగుపడలేదు. వాటిని తుంచకుండానే ప్రదర్శనలో పెట్టి, ఎందుకు మాడాయో పక్కన అట్ట మీద రాశాను.

బహుమతి రాలేదు. ఆ పాలకూరతో అవ్వ పప్పు చేసింది. ఇప్పుడు రెండో పెట్టె కూడా పెట్టాము. రోజూ పొద్దున నేను పీహెచ్ చూస్తాను, అవ్వ ఆకు చూస్తుంది.