చిన్నోడు తెచ్చిన బంగారం

రెండేళ్ల కిందటి దసరా. సాయంత్రం మా చిన్నోడు పరుగెత్తుకొచ్చి, నాయనమ్మ చేతిలో 'బంగారం' పెట్టి కాళ్లకు మొక్కాడు. అమ్మకు చూపు తగ్గింది. ఆ కొమ్మను వేళ్లతో తడిమి, "ఇది జమ్మి కాదు బిడ్డా, సర్కారు తుమ్మ" అంది. వాడి ముఖం చిన్నబోయింది. జమ్మి దగ్గర జనం ఎక్కువగా ఉన్నారని రోడ్డు పక్క కొమ్మ విరుచుకొచ్చాడట!

అందరం నవ్వాం గానీ, వాడి తప్పేముంది? సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లినా, మిర్యాలగూడ వెళ్లినా దారి పొడవునా వాడికి కనిపించేది అదే. పైగా రెండూ దగ్గరి చుట్టాలే. ముళ్లే తేడా చెబుతాయి. జమ్మివి కురచగా కొమ్మంతా చెదిరి ఉంటాయి. సర్కారు తుమ్మవి ఆకు మొదట్లో, పొడుగ్గా, చాలాచోట్ల జంటగా ఉంటాయి. అమ్మ వేళ్లకు దొరికింది అదే.

ఈ తుమ్మ మనది కాదు. అమెరికా ఖండాల నుంచి వచ్చింది. 1877లో జమైకా విత్తనాలతో కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఇక ఆగలేదు. తియ్యటి కాయల్ని మేకలూ పశువులూ తింటాయి, పేడలో గింజలు ఊరూరా చేరతాయి. కొట్టేస్తే మొదలు నుంచి నాలుగు కొమ్మలు లేస్తాయి. మన జమ్మి అలా కాదు. నెమ్మదిగా పెరుగుతుంది, లోతుకు వేళ్లు దించుతుంది, తన నీడన పైరునూ పండనిస్తుంది.

నా చిన్నప్పుడు బతుకమ్మకు తంగేడు పూల కోసం అమ్మ వెంట ఉండ్రుగొండ గుట్టల వైపు వెళ్లేవాణ్ని. ఒడి నిండా పూలే. మొన్న వెళ్తే కంప తప్పించుకుంటూ, వయ్యారిభామ ఒరుసుకుని చేతులు గోక్కుంటూ, గుప్పెడు కోసుకొచ్చాను. తంగేడు రాష్ట్ర పుష్పం, జమ్మి రాష్ట్ర వృక్షం అని 2014లో ప్రకటించారు. బతుకమ్మకు మాత్రం మేం పూలు బజార్లో కొన్నాం.

ఆ కోపంలో, "ఈ దరిద్రపు కంపను వేళ్లతో సహా తవ్వించాలి" అన్నాను.

అమ్మ ఊరుకోలేదు. "దాన్నేమనకురా. కరువొచ్చిన ఏడు మీ బాపు ఆ కంప కొట్టి బొగ్గులు కాల్చి అమ్మితేనే మీ ముగ్గురి కడుపులు నిండినయి."

నా దగ్గర జవాబు లేదు. బాపు అరచేతుల్లోని నల్లటి గీతలు గుర్తొచ్చాయి.

ఆ వారమే నర్సరీ నుంచి జమ్మి మొక్క తెచ్చి, చిన్నోడి చేత పెరట్లో నాటించింది అమ్మ. రెండు వానాకాలాలు గడిచినా అది వాడి మోకాలు దాటలేదు. పక్కనే, ఎవరూ పిలవకుండా మొలిచిన సర్కారు తుమ్మ నడుము దాకా వచ్చింది. మొన్న అమ్మ దగ్గరుండి దాన్ని వేరుతో సహా తవ్వించింది. చిన్నోడు గోడవతలికి విసరబోతే ఆపి, ఎండబెట్టి, నీళ్ల పొయ్యిలో పెట్టింది.