మామ్మగారి పదకొండు పేజీలు

కాపరికి కంప్యూటరుతో పనేమిటని మా సంఘపెద్ద ఒకరు నన్ను తరచు అడుగుతుంటారు. ఆయన అడగడంలో న్యాయం లేకపోలేదు. శనివారము రాత్రి ప్రసంగము సిద్ధపరచుకుందామని కూర్చుంటే, ఆపవద్దని చెప్పి తెర మీద ఒక చక్రం గంటసేపు తిరుగుతుంది. ఫోనులో మిగిలిన నెట్టంతా దానికే అయిపోతుంది. పోయిన క్రిస్మస్ కార్యక్రమ పట్టికను మా ఇంటావిడ చివరకు చేత్తోనే రాసింది. ఇటువంటివి నవ్వుకొని మరచిపోవచ్చు. నవ్వుకోలేనిది ఒకటి 2025లో జరిగింది.

మా సంఘము దివిసీమలో ఉంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేనాటికి నేను పుట్టలేదు. మా సంఘములోని ఒక మామ్మగారు ఆ రాత్రి తాడిచెట్టును కరచుకొని బ్రతికారు. ఇద్దరు బిడ్డలు, అత్తమామలు పోయారు. 2007లో, ముప్పై ఏండ్లు నిండుతున్నాయనగా నన్ను పిలిచి, “అయ్యగారూ, నాకు చదువు రాదు. నేను పోతే ఈ పేర్లు కూడా నాతోనే పోతాయి. కాస్త రాసిపెట్టండి” అన్నారు. మూడు మధ్యాహ్నములు వారి అరుగు మీద కూర్చొని రాసుకున్నాను. ఇంటి వరుసన చెప్పుకొచ్చారు. ఫలానా యింట్లో నలుగురు, ఆ పక్క యింట్లో తల్లీ చంటిబిడ్డా. తన బిడ్డల పేర్లు మాత్రము అన్నిటికంటె చివర చెప్పారు. మొత్తము 41 పేర్లు.

అప్పటికి నేను వేదాంత కళాశాలలో డిప్లొమా ముగించి రెండేళ్లే. ఒక డీటీపీ షాపువారు అమ్మేసిన పాత కంప్యూటరు కొన్నాను. దానితోపాటు తెలుగు అక్షరముల సాఫ్ట్‌వేరు కూడ వచ్చింది. దానికొక తాళము ఉండేది. నిజమైన తాళము కాదు. అగ్గిపెట్టెంత ముక్క, ప్రింటరు తీగ తగిలించేచోట గుచ్చాలి. అది తీస్తే ఒక్క తెలుగు అక్షరము పడదు. ఆ యంత్రము మీద మామ్మగారి సాక్ష్యము పదకొండు పేజీలు టైపు చేసి, ఒక ప్రతి వారికి ఇచ్చాను. కంప్యూటరులో ఉంది గదా అని, రాసుకున్న నోటుపుస్తకమును ఆదివారపు బడి పిల్లలకు బొమ్మలు వేసుకోవడానికి ఇచ్చేశాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

2012లో ఆ యంత్రము మొరాయించసాగింది. పూర్తిగా పోకముందే జాగ్రత్తపడదామని, ఆ పేజీలను ఈమెయిలులో అతికించి నాకు నేనే పంపుకున్నాను. మంచి తెలివైన పని చేశాననుకున్నాను.

2025 ఆగస్టులో మామ్మగారు ప్రభువునందు నిద్రించారు. జ్ఞాపకార్థ కూడికలో అమ్మ సాక్ష్యము చదవమని కూతురు కోరింది. వారి దగ్గరున్న ప్రతిని ఏనాడో చెదలు తినేశాయట. “నా దగ్గర భద్రముగా ఉందమ్మా” అని ధైర్యముగా చెప్పి వచ్చాను. ఇంటికి వచ్చి తెరిస్తే ఏముంది? ఇంగ్లీషు అక్షరములు, డాలరు గుర్తులు, కామాలు, వాటి మధ్య లెక్కలేనన్ని ప్రశ్నార్థకములు. ఒక్క తెలుగు అక్షరము లేదు.

తాళము ముక్క ఇంకా నా దగ్గరే ఉంది. ఇప్పటి ల్యాపుటాపుకు దాన్ని గుచ్చే చోటే లేదు. మధ్యలో తగిలించే తీగ ఒకటి కొనితెచ్చినా దాన్ని గుర్తించలేదు. అమ్మేవారిని అడిగితే కొత్తది కొనుక్కోమన్నారు. తాళము వేసినవారిని నేను తప్పుపట్టను. వారి కష్టమునకు కూలి రావాలి, దొంగ కాపీలు ఊరూరా ఉండేవి. అయితే వారు తాళము వేసుకున్నది వారి సొమ్ముకు. లోపల చిక్కుకున్నది మామ్మగారి మాట.

మా సంఘములో ఇంజనీరింగు చదివిన కుర్రవాడు వచ్చి అసలు సంగతి విప్పి చెప్పాడు. ఆ పాత పద్ధతిలో కంప్యూటరుకు తెలుగు తెలియనే తెలియదు. ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు ఉండే స్థలములలో మన తలకట్టులు, గుడులు, కొమ్ములు, వత్తులు ముక్కలు ముక్కలుగా కూర్చోబెట్టారు. ఆ ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. యూనికోడ్ అలా కాదు. అందులో ప్రతి అక్షరమునకు సొంత సంఖ్య ఉంది, ‘అ’ అంటే 3077. ఏ యంత్రములోనైనా అది ‘అ’ గానే ఉంటుంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చారట. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనికోడ్ ఫాంటు కూడ వచ్చింది. అంటే 2007లో ఆ దారి నా ముందే ఉంది. పేజ్‌మేకరుకు యూనికోడ్ తెలుగు పడదు గనుక షాపులవారు పాత దారిలోనే ఉన్నారు. నేను వారి వెనుక నడిచాను.

“మరి ఈ ప్రశ్నార్థకములేమిటి బాబూ?” అన్నాను.

“అవి మీరు మెయిలులో అతికించినప్పుడు వచ్చినవి అయ్యగారూ. మామూలు ఇంగ్లీషులో లేని గుర్తులన్నీ అక్కడ పోయాయి. ఇక వెనక్కు రావు.”

పాత అక్షరములను యూనికోడులోకి మార్చే సాధనములు కొన్ని ఉన్నాయి. వాటితో రెండు రాత్రులు కూర్చొని ఆ కుర్రవాడు చాలావరకు చదివేటట్టు చేశాడు. ప్రశ్నార్థకము ఉన్నచోట కన్నము మిగిలింది. ‘నీళ్లు’లో వత్తు పోతే పూడ్చగలము. పేరులో అక్షరము పోతే ఎలా ఊహిస్తాము? 41 పేర్లలో తొమ్మిదింటికి కన్నములు పడ్డాయి.

ఆ కాగితము పట్టుకొని నాగాయలంక దగ్గరున్న మామ్మగారి చెల్లెలి యింటికి వెళ్లాను. ఆమెకు చూపు ఆనదు. నేను మిగిలిన అక్షరములు చదువుతుంటే ఆమె కళ్లు మూసుకొని ఆ వీధి వెంట నడిచినట్టే చెప్పుకుంటూ పోయారు. ఎనిమిది పేర్లు దొరికాయి. తొమ్మిదోది ఆ చంటిబిడ్డది. ముందు ‘మ’ ఉంది, తరువాత ప్రశ్నార్థకము, చివర ‘మ్మ’. ఆమె చాలాసేపు ఆలోచించి, “ఆ పిల్లకు పేరు పెట్టినట్టు కూడా నాకు తెలియదు నాయనా. అక్కకే తెలుసు” అన్నారు.

కూడికలో నలభై పేర్లు చదివాను. ఆ ఒక్కచోట ‘పక్క యింటి చంటిబిడ్డ’ అని చదివాను. తరువాత అంతా యూనికోడులో మళ్లీ టైపు చేసి, మూడు ప్రతులు తీసి, ఒకటి మామ్మగారి కూతురికిచ్చాను. ఒకటి ఆ చెల్లెలి యింట్లో ఉంది. ఒకటి వివాహముల రిజిస్టరు ఉండే ఇనుప పెట్టెలో పెట్టాను. ఆ పేరు దగ్గర కన్నము పూడ్చలేదు. ‘మ’కూ ‘మ్మ’కూ నడుమ ఒక అక్షరము పట్టేంత ఖాళీ వదిలాను.