గచ్చిబౌలిలో భీముడు ఓడిపోయిన రాత్రి

కాచిగూడలో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ దిగేసరికి తమ్ముడు ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉన్నాడు. నా బ్యాగు అందుకోవడానికి ఎడమ చెయ్యి చాచాడు. బరువులకు కుడి చెయ్యి వాడడు వాడు. ఆ మోచెయ్యి పూర్తిగా సాగదు. ఎందుకు సాగదో చెప్పాలంటే 1999కి వెళ్ళాలి. వెళ్దాం గానీ, ముందు హైదరాబాదు సంగతి.

అది 2023 సెప్టెంబరు 8, శుక్రవారం. మర్నాడు ఢిల్లీలో జీ20 సమావేశాలు. ప్రపంచంలోని పెద్ద తలకాయలన్నీ అక్కడ దిగుతున్నాయి. మాకు మాత్రం ఆ రోజు ఒక్కడే పెద్దమనిషి, జాన్ సీనా. అప్పటికే పదహారుసార్లు వరల్డ్ చాంపియన్. ఇరవై ఏళ్ళుగా టీవీలో చూస్తున్నాం గానీ, మన దేశంలో రింగులోకి దిగడం అదే మొదలు. డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ళు 2017 డిసెంబరులో ఢిల్లీలో ఆడి వెళ్ళాక మళ్ళీ ఇటు తిరిగి చూడలేదు. ఆరేళ్ళకు వచ్చారు, వచ్చి మన గచ్చిబౌలిలో దిగారు. షో పేరు సూపర్‌స్టార్ స్పెక్టకిల్. టికెట్లు దొరకగానే తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మూడు తీసినా. నువ్వు, నేను, పాప. రేటు మాత్రం అడగొద్దు." నేనూ అడగలేదు.

గచ్చిబౌలి తెలియని వాళ్ళకు రెండు ముక్కలు. ఇప్పుడు ఎటు చూసినా అద్దాల మేడలే. ఆ స్టేడియాలు మాత్రం 2002లో నేషనల్ గేమ్స్ కోసం వచ్చినవి. ఆ ఏడాది మార్చిలోనే హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారి పేరు పెట్టారు. షో జరిగింది ఇండోర్ స్టేడియంలో. క్రికెట్ స్టేడియంలాంటిది ఊహించుకోకండి, పెద్ద హాలు అనుకోండి. అదే మాకు కలిసొచ్చింది, ఎందుకో తర్వాత చెప్తాను.

వినాయక చవితి ఇంకో పది రోజులుంది. దారి పొడవునా పందిళ్ళకు కర్రలు పాతుతున్నారు. ఓ ట్రాలీ ఆటోలో తొండానికి గోనెపట్టా చుట్టిన గణపతి మా కారు పక్కనే వచ్చాడు. పాప కిటికీలోంచి చూసి, "పెదనాన్నా, ఈయన కూడా గచ్చిబౌలికేనా?" అంది. దానికి పదేళ్ళు. నల్ల టీషర్టు, కళ్ళకు నల్ల కాటుక, రియా రిప్లీ వేషం. దాని వయసులో మేం అండర్‌టేకర్ అని చెప్పి అమ్మ నల్లచీర కప్పుకునేవాళ్ళం. కాలం మారినా నలుపు మారలేదు.

గేటు దగ్గర జనాన్ని చూస్తే ముచ్చటేసింది. ఐటీ కార్డు మెళ్ళోంచి తియ్యడం మర్చిపోయిన కుర్రాళ్ళు, పాతబస్తీ నుంచి బైకుల మీద వచ్చిన గుంపులు, కరీంనగర్ నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చామన్న ఇద్దరు తండ్రీకొడుకులు. అట్టముక్కతో చేసి బంగారు కాగితం అతికించిన బెల్టు నడుముకు కట్టుకున్న ఓ నలభై ఏళ్ళాయన. లైనులో మా వెనకాల నించున్న కుర్రాడు ఫోన్లో ఎవరితోనో, "అరే, ఫేకే అయితే నువ్వొచ్చి ఒక్క దెబ్బ తిను వయా, చూద్దాం" అంటున్నాడు. ఇరవై ఏళ్ళ కింద మా ఇంట్లో రోజూ జరిగిన వాదన ఇదే.

మాది చిత్తూరు పక్కన పల్లె. కేబుల్ వచ్చిన కొత్తలో ఊరి పిల్లలంతా మా వసారాలోనే. అప్పట్లో దాన్ని డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనేవాళ్ళం. ట్రంప్ కార్డులుండేవి, ఎత్తు, బరువు, ఛాతీ, కండ కొలతలు చెప్పి అవతలివాడి కార్డు లాక్కునే ఆట. లెక్కల్లో ఎక్కాలు రాని వాళ్ళకు కూడా ఎవడెన్ని పౌన్లో నోటికి వచ్చేది. అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి బతికాడని ఊళ్ళో గట్టి నమ్మకం. అక్షయ్ కుమార్ సినిమాలో ఆయన్నే ఎత్తి పడేశాడని మరో నమ్మకం. ఆ సినిమాలో ఉన్నది అసలాయన కాదు, బ్రయాన్ లీ అనే ఇంకొకాయన అని పెద్దయ్యాక తెలిసి రెండు రోజులు అన్నం సయించలేదు.

మా అవ్వకు ఇదంతా పడేది కాదు. "సిగ్గు లేకుండా చెడ్డీలేసుకోని ఉత్తుత్తికి కొట్టుకుంటా ఉండారు. నిజంగా కొట్టుకుంటే ఇంతసేపు బతికుంటారా?" అనేది. మాకు రోషం పొడుచుకొచ్చేది. అసలు విషయం ఏంటంటే, అవ్వ అన్నది ఆ కంపెనీయే ఒప్పుకుంది. 1989లోనే న్యూజెర్సీ సెనేట్ ముందు, ఇది పోటీ కాదు, వినోదం అని చెప్పుకున్నారు. ఆటల కమిషన్ల అజమాయిషీ తప్పించుకోడానికి. ఈ కబురు మా ఊరికి చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది.

కానీ అవ్వను ఒకటి అడగాల్సింది. మా పక్క ఊళ్ళల్లో ఏటా భారతం జరుగుతుంది. ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం. ఆఖరి రోజు దుర్యోధన వధ. మైదానంలో మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి పడుకోబెడతారు. ఆ బొమ్మ చుట్టూ భీముడి వేషగాడూ దుర్యోధనుడి వేషగాడూ గదలు తిప్పుతూ పరుగులు. ఎవరు గెలుస్తారో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. అయినా ఎర్రటెండలో వేలమంది. తొడ విరిగే ఘడియకు మా అవ్వ లేచి నిలబడి దుర్యోధనుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టేది. ఆ వేషం కట్టిన ఆయన మర్నాడు మా ఇంటికే వడ్లు కొలవడానికి వచ్చేవాడు, అవ్వే ఆయనకు మజ్జిగిచ్చేది.

సరే, హాల్లోకి వెళ్దాం. లైట్లు ఆగిపోయి మొదటి మ్యూజిక్ మోగగానే నా గొంతులోంచి వచ్చిన అరుపు నాదేనా అనిపించింది. ఇంట్లో ఈఎంఐల మనిషిని, ఆఫీసులో సార్‌ని. ఇక్కడ కుర్చీ ఎక్కి నిలబడబోతే పాప చొక్కా పట్టుకుని లాగింది.

హాలు చిన్నదవడం ఎందుకు కలిసొచ్చిందంటే, చప్పుడు. టీవీలో వినే చప్పుడు వేరు, ఇది వేరు. రింగంటే ఇనుప చట్రం మీద చెక్కలు, పైన పల్చటి పరుపు, దాని మీద గుడ్డ, అంతే. నూటపాతిక కిలోల మనిషి వీపు దాని మీద పడితే ఆ అదురు మన కుర్చీ కాళ్ళలోకి వస్తుంది. గుంథర్ వచ్చాడు, ఆస్ట్రియా మనిషి. ఆ రోజుతో ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు ఆయన దగ్గర 455 రోజులు. హాంకీ టాంక్ మ్యాన్ 1988లో ఆపిన 454 రోజుల రికార్డు దాటింది సరిగ్గా ఆ రోజే. అంత చరిత్రా మన గచ్చిబౌలిలో జరిగింది, పక్కన సమోసాలు నములుతున్న వాళ్ళకు తెలిసిందో లేదో. ఎదురుగా మన హర్యానా కుర్రాడు శాంకీ, దాదాపు ఏడడుగులు. గుంథర్ అరచెయ్యి శాంకీ ఛాతీ మీద పడినప్పుడు హాలంతా ఒక్కసారి "స్స్" అంది. రెండోసారి పడ్డాక ఆ ఛాతీ ఎర్రగా కందడం మా వరసకే కనిపించింది. అవ్వ ఉంటే ఏమనేదో. ఎవరు గెలవాలో ముందే రాసుకోవచ్చు, ఆ చర్మానికి మాత్రం ఎవరూ రాసి చెప్పలేదు.

శాంకీ ఓడిపోయాడు. వీర్, సంగా ఇద్దరూ కలిసి కెవిన్ ఓవెన్స్, సామీ జేన్ చేతిలో ఓడారు. ఈ సంగా ఎవరనుకున్నారు? సౌరవ్ గుర్జర్, స్టార్ ప్లస్ మహాభారతంలో భీముడు. తెర మీద దుర్యోధనుడి తొడ విరగ్గొట్టిన భీముడు, గచ్చిబౌలిలో మూడు లెక్కపెట్టేలోగా లేవలేకపోయాడు. జిందర్ మహల్ డ్రూ మెకింటైర్‌కి ఓడాడు. జిందర్ కెనడా పంజాబీ, 2017లో పెద్ద చాంపియన్‌గా ఉన్నవాడు. ఆ ఏడాది ఢిల్లీలో కూడా ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడాడు. మన గడ్డ మీద మనవాళ్ళు వరసగా వెల్లకిలా పడుతుంటే నాకు కడుపులో ఏదో తిప్పింది. కథ రాసుకునే వీలున్నప్పుడు ఒక్కటి మనకు రాస్తే ఏం పోయేది? వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు గారు ఛాతీకి కట్టిన గొలుసులు ఊపిరి బిగించి తెంచి, రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకుని కలియుగ భీముడనిపించుకున్న నేల ఇది. ఆయన చేసిందీ సర్కస్ డేరాలో ప్రదర్శనే కదా. ప్రదర్శన అయినంత మాత్రాన ఏనుగు బరువు తగ్గదు.

ఈ బాధంతా తమ్ముడి చెవిలో వెళ్ళబోస్తే వాడు నవ్వాడు. "అన్నా, జనాన్ని చూడు." చూశాను. జనం సామీ జేన్ పాటకు గొంతు కలుపుతున్నారు, జిందర్‌కి ఈలలేస్తున్నారు, ఇద్దరూ వాళ్ళకు కావలసినవాళ్ళే. కాసేపటికి మెకింటైర్, జిందర్, ఓవెన్స్, జేన్ నలుగురూ రింగులో నిలబడి నాటు నాటుకు స్టెప్పులేశారు. ఆ స్కాట్లండు మనిషి కాలు ఎటు వెళ్తోందో ఆయనకే తెలియదు. హాలు పైకప్పు లేచిపోయింది. నా దేశభక్తి ఆ గోలలో ఎక్కడో కొట్టుకుపోయింది.

రియా రిప్లీ నటాల్యాను ఓడించినప్పుడు మా పాప ఏడ్చింది. సంతోషంతోనే. తర్వాత కళ్ళు తుడుచుకుంటే కాటుక చెంపలంతా పరుచుకుంది. "ముందే రాసుకుంటారని తెలుసు కదే?" అన్నాను ఉండబట్టలేక. "తెలుసు పెదనాన్నా. సినిమా కూడా రాసుకుంటారుగా" అంది, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. మేం ఇరవై ఏళ్ళు కొట్టుకుచచ్చిన వాదన, దానికి రెండు ముక్కల్లో తేలిపోయింది.

షోకి రెండు వారాల ముందే, ఆగస్టు 24న, బ్రే వయట్ చనిపోయాడు. ముప్ఫై ఆరేళ్ళు. ఆయన రింగులోకి వచ్చేటప్పుడు జనం సెల్‌ఫోన్ లైట్లు వెలిగించి పట్టుకునేవాళ్ళు, మిణుగురుల్లా. ఆ రాత్రి హాల్లో ఎక్కడ ఫోన్ వెలిగినా నాకు ఆయనే గుర్తొచ్చాడు. అండర్‌టేకర్ లాగా తిరిగి రావడం ఈసారి ఉండదు.

చివర సీనా. ఆ ట్రంపెట్లు మోగిన క్షణం నుంచి ఏం జరిగిందో వరసగా చెప్పమంటే చెప్పలేను. జోడీగా సెత్ రాలిన్స్, ఎదురుగా ఇంపీరియం వాళ్ళు ఇద్దరు, కైజర్, విన్సీ. నలభై ఆరేళ్ళ మనిషి, నెత్తి మీద జుట్టు పల్చబడుతోంది, అయినా పిల్లాడిలా పరిగెత్తుకొచ్చి సెల్యూట్ కొట్టాడు. సగం హాలు "లెట్స్ గో సీనా" అంటే సగం "సీనా సక్స్" అంది. తిట్టేవాళ్ళ మొహాల్లోనూ అదే వెలుగు, అవ్వ దుర్యోధనుణ్ణి తిట్టినట్టు. గెలిచారు, గెలవక ఏం చేస్తారు. రెండేళ్ళ తర్వాత, 2025 డిసెంబరులో వాషింగ్టన్‌లో తన ఆఖరి ఆటలో ఇదే సీనా, మేం ఆ రాత్రి చూసిన ఇదే గుంథర్ పట్టులో చిక్కి, చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. ఎప్పుడూ వదలొద్దు అని టీషర్టుల మీద రాసుకున్న మనిషి. ఆ వీడియో చూసి తమ్ముడు పొద్దున్నే ఫోన్ చేశాడు, ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.

సీనాకు ఒక సైగ ఉంది, మొహం ముందు అరచెయ్యి అడ్డంగా ఊపడం. నేను నీకు కనిపించను అని. హాలంతా లేచి ఆ సైగ చేస్తుంటే పక్కకు చూశాను. తమ్ముడు కుడి చేత్తోనే చేస్తున్నాడు. దానికి మోచెయ్యి చాచక్కర్లేదు.

ఇక 1999. అండర్‌టేకర్, కేన్ కథలో అన్నదమ్ములు. నేను అన్నను కాబట్టి అండర్‌టేకర్, వాడు కేన్. వసారాలో నవారు మంచం. వాడి గొంతు కింద చెయ్యేసి ఎత్తి చోక్‌స్లామ్ వేశాను. కేన్ మంచం మీద పడాలి, మంచం పట్టె మీద పడ్డాడు. పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించారు. మూడో కట్టుకు పోవాల్సిన రోజు వీడు విప్పేసి క్రికెట్‌కి పోయాడు, ఎముక అలాగే నిలిచిపోయింది. నాన్న బెల్టు తీసి "ఎట్లా పడినావు?" అంటే పదకొండేళ్ళ వాడు నావైపు కూడా చూడకుండా, "జామచెట్టు మీంచి" అన్నాడు. రెజ్లింగ్ వాళ్ళు రింగు బయట కూడా కథను కాపాడుకోవడాన్ని కేఫేబ్ అంటారు. వీడు ఇరవై నాలుగేళ్ళుగా కాపాడుతున్నాడు. అమ్మకు ఇప్పటికీ జామచెట్టే. ఆ చెట్టును నాన్న ఆ వారమే కొట్టించేశాడు, పాపం.

బయటికొచ్చేసరికి పదిన్నర దాటింది. ట్రాఫిక్ కదిలేట్టు లేదని డీఎల్ఎఫ్ వీధి వైపు నడిచాం. అర్ధరాత్రి దాకా దోసెలు పోసే వీధి అది. బండి దగ్గర సగం మంది షో చూసొచ్చినవాళ్ళే, గొంతులు పోయి గుసగుసగా ఆర్డర్లు చెప్తున్నారు. తమ్ముడు ప్లేటు ఎడమ చేతిలో పట్టుకుని కుడి చేత్తో తింటున్నాడు, ముద్ద నోటిదాకా తేవడానికి తల కాస్త కిందికి వంచుతూ. ఇన్నేళ్ళూ చూసిందే, చూడనట్టు ఉన్నదే.

"నొప్పుంటుందా?" అన్నాను.

"చలికాలం కొంచెం." ఇంకో ముక్క తుంచాడు. "ఇప్పుడడిగినావా!"

నాకు మాట రాలేదు. పాప దోసె నములుతూ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. శాంకీ ఛాతీ ఎర్రబడటం దగ్గర్నుంచి చూసిన పిల్ల, దేన్నీ ఊరికే వదలదు.

"నాన్నా, నువ్వు నిజంగా జామచెట్టు మీంచే పడ్డావా?"

తమ్ముడు నావైపు చూడలేదు.

"అవును తల్లీ" అన్నాడు. "శానా ఎత్తు చెట్టు."