గొడుగులో పోసిన మాటలు

డీటీపీ నేర్చుకున్న కొత్తల్లో వాన మీద ఒక కవిత రాసి గొడుగు ఆకారంలో పేర్చాను. నిజానికి ముందు గొడుగు గీసుకున్నాను, తర్వాత అందులో మాటలు పోశాను. అంచు దగ్గర చోటు మిగిలితే ఒక విశేషణం, కర్ర పొడవు చాలకపోతే ఇంకో క్రియ. ఒక పత్రిక వేసుకుంది. చూసినవాళ్లందరూ బాగుందన్నారు. చదివామని మాత్రం ఎవరూ అనలేదు. ఆ తేడా నాకప్పుడు తట్టలేదు. 

అంతటితో ఆగినా బాగుండేది. అదే ఊపులో, పద్యం అక్షరాలను బొమ్మల ఆకారంలో పొదిగే బంధకవిత్వం మీద వ్యాసం రాశాను. నాగబంధం, చక్రబంధం, గోమూత్రిక అన్నీ ఉత్త పాండిత్యమనీ, వాటిలో ప్రాణం లేదనీ తేల్చేశాను. ఈ బంధాలు చేరే చిత్రకావ్యం అసలు కావ్యమే కాదు, కావ్యానికి అనుకరణ అని ధ్వన్యాలోకంలో ఆనందవర్ధనుడు చెప్పిన మాటను అండగా తెచ్చుకున్నాను. ఫ్రెంచి కవి అపోలినేర్‌ని మాత్రం తెగ మెచ్చుకున్నాను. 1918లో వచ్చిన ఆయన ‘కలిగ్రామ్’ సంపుటిలోని వాన కవితలో ఐదు పంక్తులు పేజీ పైనుంచి కిందికి ఏటవాలుగా జారుతుంటాయి. నేను చేసిందీ అదే పని అనుకున్నాను.

సంస్కృతం, తెలుగు లోతుగా చదువుకున్న ఒక పెద్దాయన నా కవితా వ్యాసమూ రెండూ చూసి ఇంటికి రమ్మన్నారు. కోప్పడలేదు. నా కవితను మామూలు వరసల్లో చేత్తో తిరగరాసి ముందు పెట్టి, “ఇప్పుడు ఇందులో ఏం పోయింది నాయనా?” అని అడిగారు. చాలాసేపు చూశాను. ఏమీ పోలేదు. పైగా చోటు నింపడానికి తెచ్చిన మాటలన్నీ బయటపడి కనిపించాయి.

తర్వాత ఆయనే ఒక కాగితం మీద పైన ‘కోట గోడ’ అనీ, దాని కింద ‘తోట నీడ’ అనీ రాశారు. రెండో అక్షరం, నాలుగో అక్షరం రెండింట్లోనూ ఒకటే. పైన ‘కో’ దగ్గర మొదలుపెట్టి కింది ‘ట’కు దిగి, మళ్లీ పైన ‘గో’కు ఎక్కి, కింది ‘డ’కు దిగినా కోట గోడే. కింది ‘తో’ నుంచి బయల్దేరితే తోట నీడే. ఎద్దు నడుస్తూ పోసిన మూత్రం దారి మీద గీసే వంకర గీతే ఈ నడక, గోమూత్రిక అన్న పేరు అందుకే. ఆ ‘ట’నీ ‘డ’నీ నడిమి వరసలో ఒక్కసారే రాసి, రెండు పంక్తులనూ వాటి గుండా నడిపించారు. ఎనిమిది అక్షరాల పని ఆరే చేసేశాయి. నేను ప్రాణం లేదన్నది దీన్నే. ఒక్క బంధాన్నయినా వేలు పెట్టి చదవకుండానే అన్నాను.

ఇంటికొచ్చి అపోలినేర్‌ని మళ్లీ తీశాను. ఆ పంక్తుల్ని కన్ను గబగబా అందుకోలేదు. అక్షరం వెంట అక్షరం ఏరుకుంటూ కిందికి దిగాలి. వాన జారే తీరు చదవడంలోకే వచ్చేసింది. అడ్డంగా రాస్తే అది పోతుంది. అలాగే సంస్కృత కవి మాఘుడి శిశుపాలవధం 19వ సర్గ చివర ఒక చక్రబంధం ఉంది. ఆ పద్యాన్ని చక్రంలో పరిస్తేనే వలయాల్లో కవి పేరూ కావ్యం పేరూ కనిపిస్తాయి. వరసగా రాస్తే అవి మళ్లీ పద్యంలో కలిసిపోతాయి. ఆ ఫ్రెంచి వానా ఈ చక్రమూ ఒక పక్క నిలిచాయి, నా గొడుగు ఇంకో పక్క మిగిలింది.

అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడింది తర్వాత. ఆనందవర్ధనుడు దేవీశతకం అని ఒక స్తోత్రం రాశాడు. అది నిండా యమకాలూ బంధాలే. అనుకరణ అని చెప్పిన మనిషే, అమ్మవారి ముందు నిలబడ్డప్పుడు ఆ దారినే ఎంచుకున్నాడు. ఆ శతకం ఉందని కూడా తెలియకుండా ఆయన్ని నా పక్షాన నిలబెట్టుకున్నాను.

ఇప్పుడు ఒక నాగబంధం కడుతున్నాను. పాము మెలికపడ్డ ప్రతిచోటా ఒకే అక్షరం రెండు పాదాలకూ అతకాలి. తోక దగ్గరి మెలికలో ‘ల’ పెడితే పై పాదం చక్కగా నడుస్తోంది, కింది పాదంలో యతి చెడుతోంది.