జాకీ కంటే ముందు నేల

గుడియాత్తంలో లారీలూ ట్రాక్టర్లూ బాగుచేసే షెడ్డుకు స్పోర్ట్స్ కారు సంగతి మాట్లాడటానికి వెళ్లడం చాలామందికి వింతగా తోచవచ్చు. దానికో కారణముంది. వేలూరు పక్కనే కాట్పాడి గాంధీనగర్‌లో ఉండే మా పిన్నమ్మ కొడుకు పాత బీఎండబ్ల్యూ జెడ్4 ఒకటి కొన్నాడు. రెండే సీట్లు, మడుచుకునే గట్టి టాపు, నేలబారు ఒళ్లు. దాని పొట్టకింది ప్లాస్టిక్ కవచం స్పీడ్‌బ్రేకర్‌కు తగిలి చీలి వేలాడుతోంది. చెన్నైకో బెంగళూరుకో పంపే బదులు ఇంటి పోర్టికోలోనే బండి ఎత్తి, తానే బిగించుకుంటానన్నాడు. పిన్నమ్మకు అది మింగుడు పడలేదు. "ఎత్తేదీ నువ్వే, కింద దూరేదీ నువ్వే. అది మీద పడితే లేపేదెవరు నాయనా?" అంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల మేస్త్రి ఒకాయన గుడియాత్తంలో ఉన్నాడని తెలిసి ఇద్దరం బయల్దేరాం.

కాట్పాడి నుంచి లత్తేరి, కె.వి.కుప్పం మీదుగా దారి. తమ్ముడు ఆ కారు తీయలేదు, నా బండిలోనే వచ్చాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్‌బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. ఆ వెడల్పు ఉంటే నేలబారు కారు కూడా మెల్లగా ఎక్కి దిగుతుంది. ఊళ్లలో మనకు దొరికేది నిలువునా గట్టు కట్టినట్టుండే దిబ్బ. తమ్ముడి కారు ముందు బంపర్ కింది అంచుకూ నేలకూ మధ్య టేపు పెడితే వచ్చింది నాలుగున్నర అంగుళాలు.

కౌండిన్య నది ఒడ్డున ఉన్న గుడియాత్తం లుంగీలకూ అగ్గిపెట్టెలకూ పేరున్న ఊరు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి పీఠమెక్కాక శాసనసభకు నెగ్గింది ఇక్కడి ఉప ఎన్నికలోనే. ఆంధ్ర సరిహద్దు పక్కనే కాబట్టి ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్లో తమిళం చదువుకున్న కుటుంబాలు చాలానే ఉన్నాయి. మేస్త్రిదీ అలాంటి ఇల్లే. మేము వెళ్లేసరికి వేపచెట్టు నీడలో ఒక లారీ వెనక ఇరుసు ఎత్తుతున్నాడు.

ఆయన ఎత్తే తీరు చూడాల్సిందే. బాటిల్ జాకీ ఇరుసు కింద పెట్టాడు. నాలుగు పోట్లు వేశాడు. ఇరుసు రెండంగుళాలు లేచింది. వెంటనే కుర్రాడు రెండంగుళాల చెక్క దిమ్మె లోపలికి జరిపాడు. మళ్లీ నాలుగు పోట్లు, మళ్లీ ఒక దిమ్మె, ఈసారి అడ్డంగా. జాకీతో పాటు దిమ్మెల దొంతర కూడా పెరుగుతూ పోయింది. ఏ క్షణంలో జాకీ జారినా లారీ పడేది ఒక వేలెడు మాత్రమే. పని మధ్యలో ఎవరో ఫోన్ చేస్తే ఆయన తీయలేదు. దొంతర మీద బరువు దించాకే తీశాడు.

"జాకీ ఎత్తేదానికే తంబీ. మోసేదానికి కాదు" అన్నాడు మా తమ్ముడితో. "లోపల ఉండేది నూనె. దాన్ని ఆపేది ఒక గోళీ, ఒక వాచరు. వాటి మధ్యలో ఇసుక రేణువు ఇరుక్కుంటే ఒకటిన్నర టన్ను నీ మాట ఇంటాదా?"

ఇది అక్షరాలా నిజం. మూసిన ద్రవం మీద వేసిన ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పాడు. దాన్నే పనిముట్టుగా మలిచి ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. సన్న పిస్టన్‌ను మనం చాలాసార్లు కొడితే లావు పిస్టన్ కొంచెం కొంచెంగా లేస్తుంది. మన చేతి బలం పెరిగినట్టుంటుంది కానీ ఆ బలాన్ని నిలబెట్టి ఉంచేది రబ్బరు సీలు, చిన్న ఉక్కు గోళీ. సీలు అరిగితే బండి మెల్లగా దిగుతుంది, తెగితే ఒక్కసారిగా. ఎత్తిన బండిని మోయడానికి కింద పెట్టే ఇనుప జాకీ స్టాండుకు నూనె లేదు, సీలు లేదు. అందుకే దానిమీద నిలిచిన బండి కిందికే మనిషి దూరాలి.

ఆ స్టాండ్లనైనా పరీక్షించకుండా నమ్మకూడదని చెప్పే ఉదంతం అమెరికాలో జరిగింది. పనిముట్లు అమ్మే హార్బర్ ఫ్రైట్ సంస్థ 2020లో తన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను వెనక్కి పిలిపించింది. పళ్ల కడ్డీని పట్టుకునే కొక్కెం బరువు మీదే ఊడివచ్చే ప్రమాదం బయటపడింది. బదులుగా ఇచ్చిన వాటిలోనూ కొన్నింటికి అతుకులు సరిగా లేవని అదే ఏడాది మళ్లీ వెనక్కి పిలిచింది. స్టాండు కొన్నాక కొక్కెం పళ్ల మధ్య పూర్తిగా కూర్చుంటోందా, అతుకు నిండుగా ఉందా అని కంటితో చూడటం, అడ్డంగా పిన్ను కూడా ఉన్న రకాన్ని ఎంచుకోవడం మన పని.

మరుసటి ఆదివారం మేస్త్రి కాట్పాడికి వచ్చాడు. తమ్ముడు కొత్తగా తెప్పించిన లో ప్రొఫైల్ ట్రాలీ జాకీని గర్వంగా ముందు పెట్టాడు. మామూలు ట్రాలీ జాకీ దించి ఉంచినా ఐదంగుళాలకు పైనే ఉంటుంది, ఇది మూడంగుళాల పైచిలుకు. మేస్త్రి దాన్ని చూడనైనా చూడలేదు. పిన్నమ్మ మనవడి దగ్గర ఒక గోళీ అడిగి తీసుకుని పోర్టికో టైల్సు మీద వదిలాడు. అది కాసేపు ఆలోచించినట్టు ఆగి, గేటు వైపు దొర్లింది. వాననీళ్లు బయటికి పోవాలని తాపీ మేస్త్రీలు పోర్టికోలకు ఎప్పుడూ వాలు పెడతారు. ఇంటికి అది మంచిదే. ఎత్తిన బండికి ఆ వాలే శత్రువు.

తర్వాత సుత్తి పిడితో నేలను తట్టుకుంటూ పోయాడు. టక్, టక్, టక్. ఒకచోట శబ్దం బోలుగా మారింది. "ఇక్కడ ఏముంది అక్కా?" అని అడిగాడు. పిన్నమ్మ చెప్పింది, నీళ్ల సంపు. ఈ ప్రాంతంలో ఇళ్ల కింద నీళ్ల తొట్టి లేని పోర్టికో అరుదు. దానికి తోడు 2003 నుంచి తమిళనాడులో ప్రతి ఇంటికీ వాననీటి గుంత తప్పనిసరి అయింది. ఆ సంపు పైకప్పు మీద కారు ఏళ్ల తరబడి నిలబడి ఉండవచ్చు. నాలుగు వెడల్పాటి టైర్ల మీద పంచుకున్న బరువది. జాకీ స్టాండు సంగతి వేరు. బండి ముందు సగం దాదాపు 800 కిలోలు. రెండు స్టాండ్ల మీద వేస్తే ఒక్కోదానికి 400. ఒక్కో కాలికి నూరు కిలోలు, అదీ రూపాయి బిళ్లంత చోటులో. కింద గుల్లగా ఉన్న టైలో, కడపరాయి పలకో ఆ బరువుకు పగిలితే స్టాండు పక్కకు ఒరుగుతుంది.

నాకు తెలిసి ఇంటి గరాజీ మీద రాసేవాళ్లు జాకీ గురించే ఎక్కువ రాస్తారు, నేల గురించి తక్కువ. నేలబారు కారు కింద జాకీ ఎలా దూరుతుంది అన్నది పది నిమిషాల సమస్య. ఆ జాకీ ఎక్కడ నిలబడుతుంది అన్నదే ప్రాణంతో పని.

బండిని ఇంకా లోపలికి, సంపు దాటి, గోళీ కదలకుండా నిలిచిన చోటికి తోశారు. వీధిలో తారు మీద చేయవచ్చు కదా అని నేనడిగాను. వేలూరు ఎండకు తారు మెత్తబడి స్టాండు కాళ్లు దిగిపోతాయన్నాడు. తప్పనిసరైతే కింద మందపాటి ప్లైవుడ్ పలక వేయాలట. టైల్సు మీద కూడా ఆయన అదే వేయించాడు.

అప్పుడు మొదలైంది ఎత్తడం. వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు చెక్కలు. హ్యాండ్‌బ్రేక్. పార్కింగ్ గేరు. ఇక్కడ ఒక మెలిక ఉంది, ఆయన తమ్ముడిచేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఈ కారును నడిపేవి వెనక చక్రాలు. హ్యాండ్‌బ్రేక్ పట్టేది కూడా వాటినే. ముందు భాగం ఎత్తితే రెండు పట్లూ నేల మీదే ఉంటాయి. వెనక భాగం ఎత్తితే రెండూ గాలిలో తేలిపోతాయి, ముందు చక్రాలు స్వేచ్ఛగా దొర్లుతాయి. అప్పుడు బండిని ఆపేది ముందు చక్రాల అడ్డు చెక్కలొక్కటే.

జాకీ తక్కువ ఎత్తుదే అయినా బంపర్ కింద నుంచి లోపల అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ దూలం దాకా దూర్చితే హ్యాండిల్ పైకి లేవలేదు, బంపర్‌కు తగిలింది. మేస్త్రి తెచ్చిన రెండంగుళాల పలకలు ఇందుకే. ఒక కొస వాలుగా చెక్కి ఉన్నాయి. ముందు చక్రాలను వాటి మీదికి మెల్లగా ఎక్కించి, వెనక అడ్డు చెక్కలు మళ్లీ బిగించారు. ఆ రెండంగుళాలతో హ్యాండిల్‌కు చోటు దొరికింది. ఎక్కడ ఎత్తవచ్చో బండి పుస్తకంలో చూసి, టార్చి వేసి చోటు గుర్తుపట్టాకే జాకీ కప్పు మీద రబ్బరు దిమ్మె పెట్టాడు. ఆయిల్ చాంబర్ కింద, పలచటి ఫ్లోర్ రేకు కింద, అలంకారానికి బిగించిన పక్క స్కర్టుల కింద జాకీ పెడితే బండీ పాడే, పట్టూ ఉండదు.

రెండు పోట్ల తర్వాత ఆపి నన్ను వంగి చూడమన్నాడు. జాకీ చెయ్యి పైకి లేచేకొద్దీ దాని కప్పు హ్యాండిల్ వైపు వంపుగా వస్తుంది. బండి కదలదు కాబట్టి జాకీయే చిన్న ఇనుప చక్రాల మీద బండి కిందికి జరగాలి. జరిగింది కూడా, వేలెడంత. ఆ చక్రాల ముందు ఒక గులకరాయి ఉన్నా, టైల్సు సందు లోతుగా ఉన్నా జాకీ జరగదు. అప్పుడు జారేది కప్పు. అందుకే నేలను ముందే ఊడ్పించాడు.

తలుపుల కింది అంచున, ముందు చక్రాల వెనకగా బీఎండబ్ల్యూ బిగించిన నల్లటి దిమ్మెలుంటాయి. వాటి కిందికి రెండు స్టాండ్లు వచ్చాయి. బరువు స్టాండ్ల మీదికి దించి, జాకీని తీసేయకుండా ఊరికే తగిలేలా ఉంచాడు. షెడ్డు నుంచి తెచ్చిన రెండు పాత లారీ రిమ్ములను బండి పక్కల కింద పడుకోబెట్టాడు. జారినా బండిని అవి ఆపుతాయి. మామూలుగా ఆ చోట పెట్టే స్టెప్నీ ఈ కారులో ఉండదు, రన్‌ఫ్లాట్ టైర్లు. చివరికి మా ఇద్దరినీ పిలిచి బండిని పక్క నుంచి భుజాలతో గట్టిగా తోయమన్నాడు. కదల్లేదు. "ఇప్పుడు కదిలితే మంచిదే. కింద ఎవరూ లేరు కదా" అన్నాడు.

గాంధీనగర్‌కు దగ్గర్లోనే వీఐటీ విశ్వవిద్యాలయం ఉంది, ఎత్తే చోటు కోసం ఇంత వెతుకులాట చూశాక నాకు గుర్తొచ్చింది అదే. అక్కడి విద్యార్థుల ప్రవేగ రేసింగ్ జట్టు ఫార్ములా స్టూడెంట్ పోటీలకు సొంతంగా రేసు కారు కడుతుంది. ఆ పోటీల నియమాల్లో నాకు బాగా నచ్చినది ఒకటుంది. ప్రతి కారు వెనకా గుండ్రటి గొట్టం ఉండాలి. దానికి నారింజ రంగు వేయాలి. మీటరు దూరంలో నిలబడ్డ మనిషికి అది కనబడాలి. జాకీ వేసే చోటది. ఎత్తే చోటును ఊహకు వదలకుండా కారుతోనే పుట్టించాలన్న ఆ ఆలోచన అమ్మకానికి వచ్చే కార్లన్నిటికీ రావాలి. పొట్ట కింద నల్లటి దిమ్మెను టార్చితో వెతికే అవసరం ఎవరికీ ఉండకూడదు.

కవచం బిగించడం అరగంట పని. తమ్ముడు కింద ఉన్నంతసేపూ మేస్త్రి బండి పక్కనే కూర్చున్నాడు. కాఫీ తాగడానికి కూడా లోపలికి రాలేదు, పిన్నమ్మే గ్లాసు బయటికి తెచ్చిచ్చింది.

సాయంత్రం బాగాయం వైపు వెళ్లాల్సిన పని పడింది. వేలూరు సీఎంసీ ఆసుపత్రి వాళ్ల పునరావాస కేంద్రం అక్కడే ఉంది. 1954లో మేరీ వర్గీస్ అనే యువ డాక్టరు వాహన ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడుము కింద చచ్చుబడింది. చక్రాల కుర్చీలోంచే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. 1966లో ఈ కేంద్రాన్ని నిలబెట్టింది. 1972లో పద్మశ్రీ అందుకుంది. ఆమెది రోడ్డు ప్రమాదం, జాకీ జారిన ప్రమాదం కాదు. కానీ వెన్నెముకకు ఆ తేడా తెలియదు. ఛాతీ మీద బండి పడితే ఆ కేంద్రం దాకా వచ్చే అవకాశం కూడా ఉండదు. పక్కటెముకలు లేవకపోతే ఊపిరి ఆడదు, అరుపు బయటికి రాదు. ఇంట్లోవాళ్లు లోపల టీవీ చూస్తూ ఉంటారు.

షెడ్డులో పని జరిగినప్పుడు చుట్టూ నలుగురుంటారు, ఒకడి తప్పు ఇంకొకడి కంట పడుతుంది. ఇంట్లో సెలవునాడు ఒక్కడే చేస్తాడు. అందుకని ఇంటి పనికి షెడ్డు పనికంటే జాగ్రత్త తగ్గకూడదు, ఇంకా ఎక్కువే ఉండాలి.

ఈ వ్యాసం చదివి జాకీ కొనబోయేవాళ్లకు నా మనవి. అదే రోజు రెండు స్టాండ్లూ అడ్డు చెక్కలూ కొనండి, లేదంటే జాకీ కూడా కొనకండి. బండి కింద ఉన్నంతసేపు పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి. ముందుగా ఇల్లు కట్టించిన పెద్దవాళ్లను అడిగి, పోర్టికోలో సంపు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో తెలుసుకుని, దాని అంచు వెంట పసుపు పెయింటుతో గీత గీయించండి.