రుగ్ణదేహమే ప్రథమ గురువు

1918లో విషజ్వరం లోకాన్ని అల్లకల్లోలం చేస్తున్న కాలాన, కోలారు ప్రాంతపు బెళ్ళూరు గ్రామంలో జన్మించిన బి.కె.ఎస్. అయ్యంగార్‌కు శరీరం పుట్టుకతోనే ప్రతికూలమైంది. మలేరియా, టైఫాయిడ్, క్షయ ఒకదాని వెంట ఒకటి బాల్యాన్ని కబళించాయి. తొమ్మిదవ ఏట పితృవియోగం. 1934లో బావగారైన తిరుమలై కృష్ణమాచార్యులవారి పిలుపుపై మైసూరు చేరిన ఆ కృశించిన బాలునిలో భావి యోగాచార్యుని ఎవరు చూడగలరు? గురువు సైతం ఆదిలో ఆయనపై ఆశ పెట్టుకోలేదు.

1937లో, కొద్దిగా ఆంగ్లం తెలుసునన్న కారణాన, గురువు ఆయనను ఆరు నెలలకుగాను పుణెకు బోధకునిగా పంపారు. వయస్సు పద్దెనిమిది. మరాఠీ రాదు, శాస్త్రపాండిత్యం లేదు. శిష్యుల దేహాలు తన దేహంకన్న దృఢమైనవి. తానింకా నేర్వని విద్యను బోధించవలసిన సంకటస్థితి! ఆచార్యపీఠంపై కూర్చున్నవానికి అట్టి వేళ ఆడంబరం ఎంత సులభమో అందరికీ తెలిసినదే. ఆయన గంటల తరబడి ఏకాంతాభ్యాసంలో మునిగారు. ఏ కండరం లాగుతున్నది, ఏ కీలు కుంగుతున్నది, శ్వాస ఎచ్చట స్తంభిస్తున్నది అని తన దేహంలోనే శోధించారు. ఆ శోధనయే ఆయన బోధ అయినది. ఆరు నెలలకని వెళ్ళినవారు జీవితాంతం పుణెలోనే నిలిచిపోయారు.

వ్యాధిగ్రస్తుని కష్టం తెలిసినవారు గనుక, వంగలేని వృద్ధునికీ, నిలువలేని రోగికీ తాళ్ళు, చెక్క దిమ్మలు, పట్టీలు, కుర్చీలు ఆలంబనగా ఇచ్చారు. వేదాంతులు అధికారిభేదమని చెప్పే తత్త్వమే ఇక్కడ కుర్చీరూపం దాల్చిందనవచ్చు. ఇది కేవలం దేహవ్యాయామమని ఆక్షేపించినవారు లేకపోలేదు. ఒక్క ఆసనంలోనే అష్టాంగాలనూ సాధింపవచ్చునని ఆయన సమాధానం. కాలి బొటనవ్రేలి నుండి శిరస్సు వరకు ఏకకాలంలో ఎరుక వ్యాపించిన స్థితి ధారణకు దూరమెట్లవుతుంది? అయితే ఆయన బోధనలో గద్దింపులు, చరుపులు అధికమే. శిష్యులు సహించారు గనుక అవి ఒప్పయిపోవు.

1979లో స్కూటరు ప్రమాదం జరిగింది. అరువదేళ్ళ వయస్సున, దశాబ్దాల సాధనతో సిద్ధించిన ఆసనాలు దేహాన్ని విడిచిపోయాయి. అన్యుల కొరకు కల్పించిన ఆ దిమ్మలు, తాళ్ళు ఇప్పుడు ఆయనకే అవసరమైనవి. తొలిదినపు విద్యార్థివలె వాటిని పట్టుకొని, ఆయన మరల నిలబడడం నుండి ఆరంభించారు.